చిన్నవ్వ ఆరనివ్వని తెర

పొద్దున్నే కోరుట్ల అంగడికి పోయి వచ్చిన చిన్నవ్వ, కూరగాయల సంచి అరుగు మీద పడేసి, కాళ్లయినా కడుక్కోకుండా ముందుగదికి నడిచింది. ఎప్పుడు బయటికి పోయి వచ్చినా అంతే. ఇల్లు తగలబడుతున్నా ఆమె ముందు ఆ గదిలోకే తొంగి చూస్తుంది. ఈసారి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

బల్ల మీద కంప్యూటర్ తెర నల్లగా ఉంది.

"ప్రేమలతా."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే నయమని వంటింట్లో ఉన్న కోడలికి అనిపించింది.

"మల్ల ఆర్పినవా?"

"నేను ముట్టలేదత్తమ్మా. బియ్యం ఏరుకుంట గీడనే కూసున్న."

"నువ్వు ముట్టకుంటె దానంతట అదే ఆరిందా? నేనింట్ల ఉంటె ఆరది. నేను గడప దాటంగనే ఆరుతది. నువ్వే ఆర్పుతవ్, నేనచ్చినంక నువ్వే ముట్టిస్తవ్."

ప్రేమలత మీట నొక్కి పాస్‌వర్డ్ కొట్టింది. పెట్టెలో ఫ్యాను నిద్రలో మనిషి ఊపిరిలా తిరగడం మొదలైంది. నీలం వెలుగు ఖాళీ కుర్చీ మీద పడింది. చిన్నవ్వ కొడుకు సతీశ్ తల ఆనించుకునే చోట కుర్చీ తోలు ఇంకా లోపలికి నొక్కుకునే ఉంది.

ఎండాకాలంలో ఒకరోజు సతీశ్ ఆ కుర్చీలోనే పోయాడు. పని చేస్తూ చేస్తూ గుండె ఆగింది. మనిషి ఒరిగిన చోట దీపం పెట్టి, కర్మ అయ్యేదాకా ఆరకుండా చూసుకోవాలి. చిన్నవ్వ అలాగే పెట్టింది. కానీ ఇంటినిండా చుట్టాలుంటే దీపానికి నూనె పోసేవాడు ఎవడు? ఎవరో పోస్తారులే అని అందరూ అనుకున్నారు. తెల్లారి చూస్తే ప్రమిద చల్లబడి ఉంది. గదిలో వెలుగు మాత్రం ఉంది. చుట్టాల పిల్లలు రాత్రి నుంచి మౌస్‌తో ఆడుకుంటున్న కొడుకు కంప్యూటర్ తెర అది.

ఇదే నా కొడుకు దీపం అనుకుంది ఆ తల్లి. సంవత్సరీకం దాకా ఇది ఆరకూడదు.

అప్పటినుంచి తెర ముందు బంతిపువ్వు, కింద ఆమె చాప. ముసలినిద్ర కోడినిద్ర. మెలకువ వచ్చినప్పుడల్లా తెర మసకబారి కనిపిస్తే, ఒత్తి ఎగదోసినట్టు మౌస్ కదిపేది. తెర వెలిగేది. కొడుకు కళ్లు తెరిచి చూశాడనుకుని తను కళ్లు మూసుకునేది.

అత్తాకోడళ్ల సామెతలన్నీ అంతకుముందు ఈ ఇంటి బయటే ఆగిపోయేవి. ఒకే కంచంలో తిన్న మనుషులు. ఇప్పుడు ఒకే గదిలోకి రావడానికి ఒకరికి అనుమానం, ఇంకొకరికి భయం. సతీశ్ కంపెనీవాళ్లు ఇంటి దగ్గరే చేసుకునే పని ఇస్తామని ప్రేమలతకు కబురు పెట్టారు. ఆ కంప్యూటర్ ముట్టుకునే ధైర్యం లేక ఆమె జవాబే ఇవ్వలేదు.

భయానికి కారణం ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్త జగిత్యాల దవాఖానకు పోయిన రోజు, గది ఊడుస్తుంటే వెనక ఎవరో గుసగుసగా మాట్లాడారు. మాట అందలేదు. గొంతు మాత్రం అందింది. తన మొగుడి గొంతు. చీపురు అక్కడే వదిలి వాకిట్లోకి ఉరికింది. తిరిగి చూసేసరికి తెర నల్లగా ఉంది.

అంగడికి పోయి వచ్చిన మధ్యాహ్నమే చిన్నవ్వ అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా అంది.

"నీ సామాను సదురుకో. గొల్లపల్లికి, మీ అవ్వగారింటికి పో. నా కొడుకు దీపం ఆర్పే చెయ్యి నా ఇంట్ల వద్దు."

ఆమె మొగుడు గంగారాం తల ఎత్తాడు. దుబాయిలో ఉన్నన్నాళ్లు ఫోన్లో కూడా ఈ ఇద్దరి మధ్య మాట వేయని మనిషి. "గది మిషినే. కరెంటు వోతె ఆరదా?"

"కరెంటు వోతె సీలింగు ఫ్యాను గూడ ఆగుతది. నేనచ్చేసరికి అది తిరుగుతనే ఉన్నది."

గంగారాం కోడలి వైపు తిరిగాడు.

"ఆర్పేది నేను గాదు," అంది ప్రేమలత. "ఆయన. ఆయన గొంతు ఇన్న మామా. మీ మీద ఒట్టు."

గంగారాం కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. "ఇయ్యాల ఎవలు దాన్ని ముట్టద్దు. ముగ్గురం గడపల కూసుందాం. ఎవలు ఆర్పుతరో సూద్దాం."

కూర్చున్నారు. ఎండ వాకిలి దాటి గోడెక్కింది. తెర మసకబారినప్పుడు చిన్నవ్వ చెయ్యి లేచింది. గంగారాం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. బంతిపువ్వు వాడిన వాసన, వేడెక్కిన పెట్టె వాసన కలిసి వస్తున్నాయి. ఎవరూ లేని గదిలో పెట్టె ఫ్యాను ఊపిరి తీస్తూనే ఉంది.

కుర్చీకి తగిలించిన హెడ్‌ఫోన్ లోంచి, బావి అడుగునుంచి వచ్చినట్టు ఒక గొంతు వచ్చింది.

"ఎవరన్న ఉన్నరా?"

చిన్నవ్వ గదిలోకి వంగింది. "ఉన్న కొడుకా. నేనున్న. మీ అవ్వను."

"ఎవరు లేకుంటె బంద్ జేస్తున్న."

"ఉన్ననురా సతీశూ..." లేవబోయింది. టక్కుమని చప్పుడు. పెట్టె ఫ్యాను నెమ్మదించి, ఆగింది. ముసలామె గడపకు తల ఆనించి ఏడ్చింది.

ప్రేమలత నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మెల్లగా తీసింది. ఏదో గుర్తొచ్చింది.

"అత్తమ్మా, గిది ఆయన పెట్టిందే. మనిషి లేకుంట నడిచే మిషిన్లను ఎతికి ఆపుడే గద ఆయన కొలువు. హైదరాబాద్‌ల గదులకు గదులు మిషిన్లు, పని లేకున్న నడుస్తయట. అవి వేడెక్కద్దని మల్ల ఏసీలట. ఖాళీగ ఒక్కటి నడిస్తె ఎక్కడనో బొగ్గు కాలుతదే అనెటోడు. ముందుగాల మన ఇంట్లదాన్ని సక్కజేస్త అని, మౌస్ కదలకుంటె అడిగి బంద్ అయ్యేటట్టు జేసి, పరాచికానికి తన గొంతే పెట్టిండు. నవ్వుకుంట చెప్పిండు. నేనే చెవిన వెట్టలే. గొంతు ఇన్ననాడు భయంతోని ఏది యాదికి రాలే."

"చిన్నప్పుడు గంతే," అన్నాడు గంగారాం. "లైటు ఆర్పలేదని నాతోని కొట్లాడెటోడు."

చిన్నవ్వ కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇన్నొద్దులు గా గొంతు ఒక్కదానివే ఇని, లోపటే దాసుకున్నవా బిడ్డా? నేనేమో నిన్ను ఎల్లగొట్టబోతి." ఆ మాటతో ప్రేమలత అత్త ఒళ్లో తల పెట్టి, మొగుడు పోయిననాడు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

మరునాడు పొద్దున ఒక్కసారి ముట్టించమంది చిన్నవ్వ. ప్రేమలత ముట్టించి పక్కనే కూర్చుంది. ఈసారి భయపడలేదు. ఇద్దరూ కదలకుండా ఎదురుచూశారు.

"ఎవరన్న ఉన్నరా?"

చిన్నవ్వ చెయ్యి మౌస్ దాకా వెళ్లింది. ఒక్క కదుపు చాలు, ఆగుతాడు. కళ్లు నిండాయి. చెయ్యి వెనక్కి తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరు లేకుంటె బంద్ జేస్తున్న."

"చెయ్యి కొడుకా. ఇగ పండుకో."

తెర ఆరింది. ఆమె లేచి, అటక మీది ప్రమిద తీసి, నూనె పోసి, ఆ కుర్చీ పక్కన నేల మీద వెలిగించింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"కంపెనీవాళ్లకు చేస్తనని చెప్పు. పనున్నప్పుడు ముట్టియ్యి. పనైనంక ఆర్పు." కళ్లు తుడుచుకుని అంది, "నీ చేతితోనే ఆర్పు బిడ్డా."