ఖాళీ గడులు

కాకినాడ రేవు కూడలిలో పొద్దున్నే నిలబడి చూస్తే ముచ్చటేస్తుంది, అబద్ధమెందుకు. నాలుగు రోడ్ల జనం ఒక్కసారే వచ్చిపడతారు. ఎర్రదీపం లేదు, పోలీసు లేడు. అయినా ఒక భుజం ఇంకో భుజానికి తగిలితే ఒట్టు. అందరి నడుముకీ నడకపట్టీ ఉంటుంది. అందులోంచి వచ్చే తట్టు తొడల్నీ పిక్కల్నీ కదుపుతుంది. మనిషి పేపరు చదువుకుంటాడు, కునుకు తీస్తాడు, కాళ్ళు మాత్రం ఆఫీసుకి వెళ్ళిపోతాయి. ఊళ్ళో కాలుజారి పడ్డవాణ్ణి చూసి ఏళ్ళు గడిచాయి.

ఆ తట్లు కూర్చేది మంగతాయారు. నడక మండలిలో లయకూర్పరి. ఆమె ముందుండే లయపలక మీద రోడ్డుకో వరస గడులుంటాయి. వెలిగిన గడి దగ్గర తట్టు పడుతుంది, ఆ రోడ్డు జనం అడుగేస్తారు. ఆస్పత్రి రోడ్డుకి మూడు గడులు, కాలేజీ రోడ్డుకి నాలుగు, బజారుకి ఐదు, రేవుకి ఏడు. అన్నిటినీ నడిపే మూలనాడి ఒక్కటే. వరసల పొడవులు వేరు కాబట్టి ఒకరి అడుగు ఇంకొకరి అడుగుల సందులో పడుతుంది. తీగ ఒక రంధ్రంలోంచి పీకి ఇంకోదాంట్లో గుచ్చితే చాలు, బజారు మొత్తం నడక మార్చేస్తుంది. ఆ పనిలో తాయారుని కొట్టినవాళ్ళు లేరు.

మండలికి ఒక నియమముంది. వరసలో రెండు ఖాళీ గడులు పక్కపక్కన ఉండకూడదు. జనం ఆగకూడదన్నమాట. ఆగితే గుంపవుతారు, గుంపైతే గొడవవుతుందని అధికారి కుక్కుటేశ్వరరావు గారి నమ్మకం.

నిన్న సాయంత్రం తాయారు తండ్రి చిట్టబ్బాయి పోయాడు.

పోయేముందు ఆయన ఒక్కటే అడిగాడు. పట్టీలు వచ్చిన కొత్తలో భార్య పోతే, పాడె రేవు కూడలి దాకా వచ్చింది. ఒకప్పుడు దింపుడు కళ్ళం అక్కడే. దింపి, చెవిలో మూడుసార్లు పిలవాలి. కానీ మోసేవాళ్ళ కాళ్ళు ఆగలేదు, ఆయన కాళ్ళూ ఆగలేదు. పిలుపు గొంతులోనే ఉండిపోయింది. "మీ అమ్మని పిలవకుండా పంపించేశానే తాయారూ. నన్నైనా దింపి పిలవ్వే," అన్నాడు.

పొద్దున ఆమె మండలికెళ్ళి ఒక్క నిమిషం ఆపమని అడిగింది. కుక్కుటేశ్వరరావు గారు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఒక పాడె కోసం ఊరంతా ఆగుతుందా అన్నాడు. పిలిస్తే లేచొచ్చిన వాళ్ళెవరున్నారమ్మా అని నచ్చజెప్పబోయాడు.

"లేచొస్తాడని కాదండీ," అంది తాయారు. "పిలవకుండా ఎలా పంపేస్తామండీ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తాయారుకి ఒళ్ళు మండింది. తిన్నగా లయపలక దగ్గరికెళ్ళి కూర్చుంది.

నాలుగు వరసల్లోనూ ఒక్కొక్క గడి మాత్రమే ఖాళీగా ఉంచింది. వరసలు పొడవులో వేరు కాబట్టి ఆ ఖాళీలు ఎప్పుడో తప్ప కలవవు. నాలుగూ కలిసిన క్షణాన మూలనాడి నత్తనడకలో పడేలా ఇంకో తీగ గుచ్చింది. అప్పుడా ఒక్క ఖాళీ గడే నిమిషాలకు నిమిషాలు సాగుతుంది. ఆ క్షణం, పాడె కూడలికి చేరే వేళకి పడేలా వరసలు సర్దింది. రెండు ఖాళీలు పక్కపక్కన ఉండకూడదన్నారు గానీ, ఒక ఖాళీ ఎంతసేపుండాలో ఎవరూ రాయలేదు. నియమానికి నియమం దక్కింది.

నిప్పుకుండ పట్టుకుని తాయారు ముందు నడిచింది. పాడె కూడలి నడుమకి వచ్చింది. నాలుగు ఖాళీలూ కలిశాయి.

ఊరు ఆగిపోయింది. పేపర్లలోంచి తలలు లేచాయి. మోసేవాళ్ళు పాడె దింపారు. తాయారు కుండ కింద పెట్టి, వంగి, తండ్రి చెవిలో "నాన్నా" అని పిలిచింది. కాస్త ఆగి మళ్ళీ పిలిచింది.

అప్పుడే కుక్కుటేశ్వరరావు గారు మండలిలో తన గదిలోంచే పాత లయ మళ్ళీ పెట్టేశాడు. చుట్టాల కాళ్ళు పాడెని రోడ్డు మీద వదిలేసి శ్మశానం వైపు సాగిపోయాయి. చేతులు వెనక్కి చాస్తూనే ఉన్నారు, కాళ్ళు వింటేగా. తాయారునీ లాక్కుపోబోయింది పట్టీ. ఆమె బకిలు పీకి విసిరికొట్టి, మోకాళ్ళ మీద పడి, పాడె దాకా దేక్కుంటూ వచ్చింది. బజారు జనం వరస తిన్నగా పాడె మీదికే వస్తోంది.

"నాన్నా," అని మూడోసారి, ఊరంతా వినేలా పిలిచింది.

ఆయన లేవలేదు. లేవడని ఆమెకీ తెలుసు.

బజారు వరసలో అందరికన్నా ముందున్నది సంచీ నిండా కాకరకాయలున్న ఒక పెద్దావిడ. తన కాలు శవం మీద పడబోతోందని చూసి ఆవిడ పట్టీ తెంపేసుకుంది. ఆ వెంటనే తూలింది. ఇన్నేళ్ళుగా తనంతట తాను నిలబడని మనిషి కదా.

"పట్టుకోమ్మా, పడిపోతున్నాను," అంది.

తాయారు పట్టుకుంది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక పదిమంది, పట్టీలు ఊడబెరుక్కుంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు. పడినవాళ్ళని లేపబోయినవాళ్ళూ పడ్డారు. ఎవరూ పడకుండా చూసిన మండలికి, ఇన్నేళ్ళూ ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదన్న సంగతి తట్టనే లేదు. నిన్నటి నుంచి కంటనీరు పెట్టని తాయారు, పేరైనా తెలియని ఆ పెద్దావిడ భుజం మీద తలపెట్టి భోరుమంది.

మండలి పనివాళ్ళు చెవిలో పెట్టుకునే చెవిబిళ్ళలోంచి కుక్కుటేశ్వరరావు గారి గొంతు వినబడింది. పట్టీ పెట్టుకోమన్నాడు, అందరిచేతా పెట్టించమన్నాడు, లేకపోతే ఉద్యోగం దక్కదన్నాడు.

"మీ తట్టు పాడెని వదిలేసి పోయింది సార్," అంది తాయారు కళ్ళు తుడుచుకుని. "ఎత్తుకోడానికి మనుషులొచ్చారు. మేం నడుస్తాం."

నిప్పుకుండ అందుకుంది. ఎవరెవరో భుజాలిచ్చారు. పాడె ఓసారి అటు ఒరిగింది, ఓసారి ఇటు ఒరిగింది, కింద మాత్రం పడలేదు. ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ, చూసుకు నడవండని కసురుకుంటూ, కసిరినవాణ్ణే మళ్ళీ పట్టుకుంటూ, అందరూ శ్మశానం దారి పట్టారు.