పళ్ల గదిలోంచి వచ్చే జవాబు

ఆ మెట్ల కింద గదిలోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవాళ్లు కాదట. పగలు వెళ్లినా తలుపు బార్లా తెరిచి, ఒక కాలు బయటే ఉంచి, కావలసింది అందుకుని వచ్చేసేవాళ్లట.

కారణం ఉంది. అది కట్టుడు పళ్లు తయారుచేసే వర్క్‌షాపు. ముప్పై ఏళ్లుగా ఎవరెవరి నోటికో తీసిన అచ్చులన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. నేల నుంచి పైకప్పు దాకా అరలు... అరల నిండా ప్లాస్టర్ దవడలు. లైటు వేయగానే అన్నీ ఒక్కసారి ఇకిలిస్తాయి. ఆ దవడల తాలూకు మనుషుల్లో సగం మంది... ఇప్పుడు లేరు.

ఇంకో కారణం పళ్ల మాస్టారు. అక్కడ పెద్ద పనివాడు ఆయనే. మెయిల్ సర్వర్‌ని బయటి కంపెనీకి అప్పగించకుండా, తన చేత్తో ఆ గదిలో ఓ మూల పెట్టుకున్నదీ ఆయనే. నాలుగేళ్ల కిందట నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాడు. మళ్లీ రాలేదు. నిద్రలోనే పోయాడట.

తర్వాత ఆ సర్వర్ మా పిన్ని చేతికొచ్చింది. ఇదంతా పిన్ని చెప్పిందే. నేను ఉప్పూకారం ఏమీ అద్దలేదు.

పిన్ని మిషన్లకి భయపడదు. దెయ్యాలంటే మాత్రం... నిద్రలో బాబాయి దగ్గినా లేచి లైటు వేసే రకం.

ఆ వారం వర్క్‌షాపు నుంచి వెళ్లిన మెయిల్ ఒక్కటీ సరిగ్గా చేరలేదు. "ఈ రంగు పన్ను సరిపోతుందా?" అని డాక్టరుకి రాస్తే, అది పోయినట్టే పోయి వెనక్కొచ్చేది. 'మీ దగ్గర్నుంచి అంతా చెత్త వస్తోంది, తీసుకోం' అని అవతలి సర్వర్ల జవాబు. డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు. నాటకాల్లో రాజు వేషం కట్టే ఒకాయనైతే, రావాల్సిన రెండు ముందు పళ్ల కోసం పెదాలు బిగించుకుని తిరుగుతున్నాడట.

శుక్రవారం ఓనరు పిలిచాడు.

"చూడమ్మా, సోమవారం పొద్దున్న నేనొచ్చేసరికి ఇది బాగవ్వకపోతే మెయిలంతా బయటివాళ్లకి ఇచ్చేస్తాను. అప్పుడిక నీకిక్కడ..."

అక్కడితో ఆపేశాడు. మిగతాది పిన్నికి అర్థమైంది.

సర్వర్ పేరూ చిరునామా, వాటిని నిజమని చెప్పే సర్టిఫికెట్టూ అన్నీ ఒకటికి నాలుగుసార్లు చూసింది. ఎక్కడా తప్పు లేదు. చెత్త పంపేవాళ్ల జాబితాలో తమ పేరు పడిందని తేలితే, బతిమాలి తీయించింది. సాయంత్రానికి మెయిళ్లు హాయిగా వెళ్లాయి. తెల్లారి చూస్తే మళ్లీ జాబితాలో పేరు! శనివారం మళ్లీ తీయించింది. ఆదివారం తెల్లారేసరికి మళ్లీ...

అంటే జరిగేదేదో రాత్రే జరుగుతోంది.

"ఇవాళ రాత్రి ఇక్కడే కూర్చుంటాను తాతా," అంది వాచ్‌మన్ తాతతో.

తాత మొహం పాలిపోయింది. "వద్దమ్మా..." గొంతు తగ్గించాడు. "వారం నుంచి పదకొండు దాటితే చాలు, ఆ గదిలో... పళ్లు కొరుకుతున్నారు."

"ఎవరు?"

"లోపల అంతమంది ఉన్నారు. ఎవరని చెప్పను?"

అయినా పిన్ని వెళ్లింది. శాలువా, ఫ్లాస్కులో టీ, గుండెల్లో దడ. తాత గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు. గుమ్మానికి బయట. ఎదురుగా ఉన్న దవడల్ని పిన్ని గోడవైపు తిప్పిపెట్టింది. అది ఇంకా ఘోరంగా ఉంది. తనని చూసి చాటుగా నవ్వుకుంటున్నట్టు!

పదిన్నర. పావుతక్కువ పదకొండు. పదకొండు...

పదకొండూ పదికి —

కట.

కట... కట...

కటకటకటకట —

బయట తాత కుర్చీ ఢామ్మని పడింది. పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. ఒక్క క్షణం తర్వాత ఒక కన్ను తెరిచింది. ఏ దవడా కదలడం లేదు. చప్పుడు సర్వర్‌లోంచి వస్తోంది. పాత డిస్కు ఊపిరి సలపనంత పనిలో పడితే అలాగే అరుస్తుంది.

"డిస్కే తాతా!" అని నవ్వబోయింది. అంతలో తెర మీద చూసింది.

వెళ్లడానికి వరుసలో నిలబడ్డ మెయిళ్లు — రెండు. పధ్నాలుగు. నూట ఆరు. ఆరువందలు...

వర్క్‌షాపులో నరమానవుడు లేడు. ఇన్ని మెయిళ్లు రాస్తున్నది ఎవరు?

పంపినవారి పేరు చూసింది.

పళ్ల మాస్టారు.

"తాతా..." గుమ్మం వైపు తిరిగింది. "మాస్టారి పేరుతో వెళ్తున్నాయి."

"ఏ... ఏమంటున్నారమ్మా?"

పిన్ని ఒకటి తెరిచి చదివింది. "నాలుగు రోజులు సెలవులో ఉన్నాను. సోమవారం వచ్చేస్తాను. అర్జెంటైతే ఆగండి."

బయట తాత కుర్చీ లేపి నిలబెట్టిన చప్పుడు.

"ఇవాళ ఏ వారమమ్మా?"

"ఆదివారం."

తర్వాత తాత గొంతు చాలా దూరం నుంచి వినిపించింది. "నేను గేటు చూసుకుంటానమ్మా!"

పిన్నికి పరిగెత్తాలనే ఉంది. కాళ్లు కదిలితే కదా! కూర్చున్నచోటే ఇంకోటి తెరిచింది, ఇంకోటి తెరిచింది. అన్నీ ఒకే చిరునామాకి వెళ్తున్నాయి. అక్కణ్నుంచి వెంటనే జవాబు కూడా వస్తోంది. 'ప్రయాణంలో ఉన్నాను. మీ మెయిల్ చూసి తీరిగ్గా రాస్తాను.' దానికి మాస్టారు, 'నాలుగు రోజులు సెలవులో ఉన్నాను...' మళ్లీ అటునుంచి, 'ప్రయాణంలో ఉన్నాను...'

పిన్నికి అప్పుడు వెలిగింది. సెలవుకి వెళ్తూ మాస్టారు, ఎవరు రాసినా దానంతటదే జవాబు వెళ్లేలా పెట్టి వెళ్లాడు. పోయిన మనిషి పేరు చెరిపేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అటువైపూ ఎవరో అలాంటిదే పెట్టుకున్నారు. ఇంకేముంది, గుమ్మంలో నిలబడి 'ముందు మీరు', 'కాదు కాదు, మీరు' అనుకునే ఇద్దరు మర్యాదస్తుల్లా తెల్లార్లూ ఇవే జవాబులు. లోకమంతా వీళ్లని చెత్త పంపేవాళ్లనుకోదూ!

మాస్టారి జవాబుని ఆపేసింది. కటకట ఆగిపోయింది. గది నిశ్శబ్దం.

హమ్మయ్య అని టీ పోసుకుంటుండగా —

హాల్లో ఫోను మోగింది.

పన్నెండు కావస్తోంది. ఆ వేళప్పుడు పళ్లు కావాల్సింది ఎవరికి?

"ఎత్తకండమ్మా!" గేటు దగ్గర్నుంచి తాత కేక.

పిన్ని ఎత్తింది.

"అమ్మాయ్..." ముసలి గొంతు, నెమ్మదిగా. "మాస్టారి వర్క్‌షాపేనా? ఇవాళ ఆయన జవాబులు వస్తూ వస్తూ... ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈ వారమంతా బోలెడు వస్తుండేవి. ఒంట్లో బాగానే ఉందా?"

"ఆయన... ఆయన పోయారండీ. నాలుగేళ్లయింది."

"ఆ సంగతి నాకు తెలీకపోవడమేంటే? నేనాయన భార్యని!"

పిన్ని నేల మీద కూలబడింది.

"రోజూ పడుకునేముందు నాలుగు ముక్కలు రాస్తాను," అందావిడ. "కుళాయి కారుతోందనీ, మోకాలు నొప్పనీ. బతికున్నన్నాళ్లూ నేను పది రాస్తే ఒక్కదానికి జవాబిచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు నేను రాయడమే తరువాయి, ఇచ్చేస్తున్నారు. చెప్పేది ఒకటే మాటనుకో. ముందైనా అంతేగా!"

"అమ్మగారూ, ఈమధ్య మీ ఫోన్లో ఏమైనా మార్చారా?"

"చెల్లెలింటికి వచ్చాను. దాని కూతురు ఏదో నొక్కింది. ఎవరు రాసినా ఫోనే జవాబిస్తుందట. ఏం?"

"వారం నుంచి మీరిద్దరూ తెల్లార్లూ మాట్లాడుకుంటున్నారండీ. ఒక్క రాత్రికి ఆయన వైపు నుంచే నలభై వేల జవాబులు!"

తిడుతుందేమోననుకుంది పిన్ని.

"నలభై వేలా..." అందావిడ మెల్లగా. "ఆయనేనా?"

'ఇక రావండీ, తీసేశాను' అని చెప్పాలి. పిన్నికి నోరు రాలేదు. ముందు ఆవిడ చేత ఆ ఫోన్లో జవాబు ఆపించింది. దానికే అరగంట పట్టింది. "పక్కన మూడు చుక్కలు నొక్కండి." "నా కళ్లకి అన్నీ చుక్కల్లాగే ఉన్నాయే!" తర్వాత సర్వర్‌లో కొత్తగా నాలుగు లైన్లు రాసింది. మాస్టారి జవాబు ఈ ఒక్క చిరునామాకే వెళ్లాలి, రోజుకి ఒక్కసారే వెళ్లాలి.

"ఇప్పుడు రాసి చూడండి."

కట. ఒక్కటే.

"వచ్చిందే అమ్మాయ్," అంది ఆవిడ. ముక్కు చీదిన చప్పుడు, వెనకే నవ్వు. "అర్జెంటైతే ఆగమంటున్నారు. పడుకుంటాను మరి."

సోమవారం పొద్దున్న జాబితాలోంచి పేరు తీయించింది. ఆ తర్వాత మళ్లీ పడలేదు. ఓనరు వచ్చేసరికి డాక్టర్ల మెయిళ్లు వచ్చేవి వస్తున్నాయి, వెళ్లేవి వెళ్తున్నాయి.

"భేష్! ఇంతకీ ఏమిటమ్మా ప్రాబ్లమ్?"

రాత్రంతా నిద్రలేదు. అంతా విడమరిచి చెప్పే ఓపిక పిన్నికి లేదు.

"భార్యాభర్తల మధ్య మాటలు ఎక్కువయ్యాయండీ. నేనే కలగజేసుకుని సర్దిచెప్పాను."

ఓనరు మొహం కందిపోయింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మా ఇంటి సంగతి నీదాకా వచ్చిందా?"