పీపాల స్ట్రాన్ ఓటు

అమెరికాలోని వర్జీనియాలో, రెండు వందల ఏళ్ల కిందట, ఓటు నోటితోనే వేసేవారు. షెరీఫ్ బల్ల ముందు నిలబడి, అందరూ వింటుండగా అభ్యర్థి పేరు చెప్పాలి. ఆ అభ్యర్థి లేచి, ఓటరు చెయ్యి పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాలి. అలా చెయ్యకపోతే ఊరు ఊరుకోదు.

ఆ సాయంత్రం కోర్టు హాలంతా తడిసిన ఉన్ని కోట్ల వాసన, రమ్ము వాసన. అభ్యర్థులిద్దరూ, ఫెడరలిస్టు పార్టీ ఆంబ్రోస్ టిల్‌ఫర్డ్, రిపబ్లికన్ పార్టీ మోట్లీ, బల్లకి చెరోపక్క కూర్చున్నారు. ఓట్లు సరిసమానం. చీకటి పడితే ఓటింగు మూసేస్తారు.

మోట్లీ గుమ్మం వైపే చూస్తున్నాడు. పీపాలు చేసే స్ట్రాన్ ఇంకా రాలేదు. అతని ఓటు మోట్లీదేనని ఊరంతటికీ తెలుసు.

ఎందుకు రాలేదో ఆంబ్రోస్‌కు తెలుసు. నిన్న అతని మనుషులు స్ట్రాన్‌ని మిల్లు దారిలో పట్టుకున్నారు. ఒంటికి తారు పూసి, ఈకలద్ది అల్లరి చెయ్యడం ఆ రోజుల్లో మామూలే. కాకపోతే తారు సలసలా కాగుతోంది. చల్లారనిద్దామా అని ఒకడు అడిగితే ఆంబ్రోస్ నవ్వి వద్దన్నాడు. స్ట్రాన్ శవం ఇంకా కాలవలోనే ఉంది. జాలి వేయలేదా అంటే, లేదు.

మూసేముందు ఓటర్లని గుమ్మంలోంచి కేకేసి పిలవడం ఆనవాయితీ. ఆంబ్రోస్ నోరు ఊరుకోలేదు.

"స్ట్రాన్‌ని పేరు పెట్టి పిలవండి షెరీఫ్ గారూ. మోట్లీ గారి ముచ్చటెందుకు కాదనాలి?"

షెరీఫ్ పిలిచాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాడు. వీధిలో కుక్కలు మొరగడం ఆపేశాయి. మూడోసారి పిలిచేసరికి... తారు వాసన.

అడుగులు. నేలకి అంటుకుని, ఊడి వస్తున్న అడుగులు... గుమ్మంలో దుప్పటి ముసుగేసుకున్న మనిషి. మొహం కనపడలేదు.

"నీ ఓటెవరికయ్యా స్ట్రాన్?" అని అడిగాడు షెరీఫ్.

"ఆంబ్రోస్ టిల్‌ఫర్డ్ గారికి."

మోట్లీ తల వాల్చేశాడు. ఆంబ్రోస్ గెలిచాడు. దుప్పటిలోంచి నల్లటి చెయ్యి ముందుకొచ్చింది. హాలంతా చూస్తోంది. పట్టుకోకపోతే ఎందుకని అడుగుతారు... ఆంబ్రోస్ లేచాడు. పట్టుకున్నాడు. కాగుతోంది.

"కృత...జ్ఞతలు, స్ట్రాన్."

"ఇంకా చల్లారలేదండి," అంది చెవిలో గుసగుస.

మర్నాడు కాలవలో శవం దొరికింది. ఒళ్లంతా తారే. కుడి చెయ్యి మాత్రం కడిగినట్టుంది.

ఆంబ్రోస్ అరచేతిలో తారు మరకైనా లేదు. చిన్న తెల్లటి ఈక ఒకటుంది. దులిపాడు, రాలలేదు. పీకాడు. రక్తం వచ్చింది. ఆ పక్కనే, చర్మం కింద, ఇంకోటి కదిలింది.