రాళ్ళు తీసి మళ్ళీ పేర్చు

తెల్లారి ఆరింటికల్లా వంటింట్లోకి వచ్చి కోటిరత్నం చేసే మొదటి పని, రాత్రి కోడలు సర్దిన డబ్బాలను మళ్ళీ తన పద్ధతిలో సర్దడం. ఉప్పు పొయ్యికి ఎడమన, కారం కుడిపక్కన, పోపుల డబ్బా కిటికీలో. ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే తన మంచితనమని ఆవిడ గట్టి నమ్మకం.

రెండో పని, హాల్లో ఉప్పునీటి అక్వేరియం ముందు స్టూలేసుకుని కూర్చోవడం. పర్చూరు దగ్గర మిరప చేను కౌలుకిచ్చి గుంటూరు వచ్చేశాక, చెయ్యి ఊరుకోక మొదలెట్టిన సరదా అది. ఇప్పుడు రాస్ చేపల విషయంలో ఒంగోలు దాకా ఆవిడ మాటే మాట. ఈ రాస్‌లున్నాయే, వేలెడంత ఉంటాయి, రంగులు చూస్తే పట్టుచీరల కొట్టే. గుణాలు మాత్రం దేనివి దానివే. ఏది దేనితో పొసుగుతుందో, దేన్ని ముందు వదలాలో, దేన్ని ఆఖర్న వదలాలో కోటిరత్నం కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషే గానీ, చేపల దగ్గర ఆవిడ మాట ఇంతవరకూ తప్పలేదు.

ఆ రోజు కాఫీల వేళ కొడుకు చైతన్యకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, నల్లపాడులో ఇల్లు చూశాం. గురువారం మంచిరోజట, వెళ్ళిపోదామనుకుంటున్నాం.”

ఆమె భర్త రామాంజనేయులు చదువుతున్న పేపరు దించాడు. కోటిరత్నం చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఉన్నది ఒక్కడే కొడుకు. కోడలు శ్రీరమ్య వచ్చి పది నెలలు. ఆ పిల్ల గలగలలు లేకపోతే ఈ ఇంట్లో ఇక మాటా మంతీ ఉండదని ఆవిడకు తెలుసు. ఆ మాట చెప్పొచ్చు కదా. చెప్పలేదు.

“నేనేమన్నాను? ఏమ్మా శ్రీరమ్యా, ఏనాడైనా నిన్ను పల్లెత్తు మాటన్నానా?”

“అనలేదు అత్తయ్యా. అంటే నేనూ ఒక మాట అనేదాన్ని, అక్కడితో అయిపోయేది. మీరు అనరు, నేను పెట్టింది తీసి మీ చోట పెట్టేస్తారు. వంటింట్లోనే కాదు. నా చెప్పులు, దేవుడి గదిలో అగ్గిపెట్టె, ఆఖరికి నా దువ్వెన. ఈ ఇంట్లో నేను పెట్టినచోట ఉన్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి చూపించండి, ఎక్కడికీ వెళ్ళం.”

కోటిరత్నం హాలంతా కలయజూసింది. బల్ల మీద, షెల్ఫుల్లో, కిటికీలో. ఒక్కటీ దొరకలేదు.

“పద్ధతిగా ఉన్నవాటిని ఎందుకు మార్చాలంట?” అంది. గొంతులో బింకం ఉంది గానీ బలం లేదు.

శ్రీరమ్య గదిలోకి వెళ్ళి చీరలు సర్దుకోవడం మొదలెట్టింది.

అంతలో ఫోను మోగింది. ఒంగోలు నుంచి నగ్మా. కిందటి నెల కొత్తగా అక్వేరియం పెట్టుకుని, ఏ రాస్‌లు కొనాలో ఈవిడ్నే అడిగిన అమ్మాయి.

“ఆంటీ, నిన్న వదిలిన ఫెయిరీ రాస్ మూలన నక్కింది. తోక చిరిగింది, తిండి ముట్టడం లేదు. ముందునుంచీ ఉన్న ఆరు చారల రాస్ దాన్ని తరుముతూనే ఉంది.”

“ఆరు చారలదాన్ని ఆఖర్న వదలమన్నానా లేదా? సాధువులు ముందు, పొగరుబోతు తర్వాత.”

“ముద్దుగా ఉందని ముందే వదిలేశాను. ఈ కొత్తది మరీ పిరికిది ఆంటీ. షాపులో ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోనా?”

“ఇంకోటి తెచ్చినా అంతే,” కోటిరత్నం కసిరింది. చేపల మాటొస్తే ఆవిడకు ఎక్కడలేని ధీమా. “కొత్తదాని తప్పేముంది? పాతది ప్రతి రాయీ తనదే అనుకుంటోంది. అది కరవక్కర్లేదు నగ్మా, ఆగినచోటల్లా లేపేస్తే చాలు, కొత్తది బెంగతోనే పోతుంది. రాళ్ళన్నీ తీసి మళ్ళీ పేర్చు. తన చోటేదో పాతదానికి తెలియకూడదు. అప్పుడు రెండూ కొత్తవే. రెండూ…”

మాట ఆగిపోయింది. గది గుమ్మంలో, చేతిలో చీరతో, శ్రీరమ్య నిలబడి వింటోంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారే, అదీ కోటిరత్నం పరిస్థితి. పది నెలలుగా ఆ పిల్ల ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి లేపేస్తున్నది తానే.

“మళ్ళీ చేస్తానమ్మా,” అని ఫోను పెట్టేసి తిన్నగా వంటింట్లోకి నడిచింది.

కాసేపటికి గిన్నెల చప్పుడు విని శ్రీరమ్య వచ్చి చూస్తే, అరలన్నీ ఖాళీ. డబ్బాలు, జాడీలు, గరిటెలు నేలంతా పరిచి ఉన్నాయి. మధ్యలో అత్తగారు చెంగు బొడ్లో దోపుకుని నిలబడి ఉంది.

“ఏం చేస్తున్నారు అత్తయ్యా?”

“అన్నీ దించేశా. ఏది ఎక్కడుండేదో నేను మర్చిపోవాలి. నువ్వు పెట్టు, నేను అందిస్తా.”

“రేపు పొద్దున్నే మళ్ళీ మార్చేస్తారు.”

“చెయ్యి ఊరుకోదేమో, నిజమే. ఊరుకోకపోతే గట్టిగా అడుగు. నేనూ గట్టిగానే అంటా. నువ్వు వెళ్ళిపోతే మాత్రం నేనుండలేనమ్మా.”

శ్రీరమ్య నేలమీది సామాను మధ్యకు వచ్చింది. తర్వాత కారం డబ్బా తీసి, పొయ్యికి దూరంగా కింది అరలో పెట్టింది. కోటిరత్నం చెయ్యి సగం దాకా లేచి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. చింతపండు జాడీ తీసుకుని కోడలు మునివేళ్ళ మీద లేచి, అన్నిటికన్నా పై అరలో పెట్టింది.

“అది నాకందదే,” అంది కోటిరత్నం మెల్లగా.

“నన్ను పిలవండి. ఇక్కడే ఉంటాగా.”

కోటిరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంగి పసుపు డబ్బా తీసి, చెంగుతో తుడిచి కోడలి చేతికి అందించింది.