స్క్రూ మీద పసుపు గీత

"శనివారంలోగా ఈ మనిషిని చంపేస్తారు," అంటూ మార్గో హాన్‌కాక్ ఫొటో బల్ల మీదికి విసిరింది. "అదీ ప్రమాదంలా కనపడేట్టు."

అలాస్కాలో ఒక ఏటి ఒడ్డున, నీటి మీద వాలే విమానాలు నిలిపే షెడ్డులో జరుగుతోంది ఆ బ్రీఫింగ్. మార్గో గూఢచారి సంస్థకి చీఫే అయినా, పైలట్ వేషంలో ఉంది. ఫొటోలో ఉన్నది ఎల్వుడ్ నాష్, రాడార్ ఇంజినీరు. ఏటా సాల్మన్ చేపల వేటకి ఇక్కడికే వస్తాడు. అతడి తలలో ఉన్న రహస్యం చిక్కని విదేశీ ముఠా, ఆ తలే లేకుండా చేద్దామని చూస్తోంది.

"మీరిద్దరూ చేపల గైడ్లు. ఆయన్ని వదలకండి. లాడ్జి నడిపే లొరేన్ మన మనిషే. ముఠా మాత్రం తనని వాళ్ళ మనిషనుకుంటోంది. ప్రమాదం ముంచుకొస్తే 'కాఫీ చల్లారింది'. అదే కోడ్."

"ఎలుగుబంట్లు తిరిగే చోటు మేడమ్," అన్నాడు ఏజెంట్ ఆరిన్ స్టబ్స్. యాభై దాటినవాడు. "నా నలభై నాలుగు మాగ్నమ్ రివాల్వరు తెస్తా. కళ్ళు మునుపటిలా లేవు. గురి చూడ్డానికి, అద్దంలో ఎర్ర చుక్క చూపించే రిఫ్లెక్స్ సైటొకటి పైన బిగించాలి."

"కొనుక్కో. బిల్లు చూసి నా గుండె ఆగకూడదు, అంతే."

పక్కనే ఉన్న రెండో ఏజెంట్ క్లే వాండర్‌మీర్ నవ్వాడు. ముప్పై ఏళ్ళు, హీరో దవడ. ఆరిన్‌కి ఆ దవడ చూస్తేనే ఒళ్ళు మంట.

ఊళ్ళో తుపాకుల కొట్టు బర్డీ టాలివర్‌ది. ఆరిన్ ఏరుకొచ్చిన చవక సైటుని ఆమె అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది.

"పిట్టల తుపాకీ మీద పెట్టుకో నాయనా. నీ రివాల్వరు పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుకి మూడో గుండుకి చుక్క ఆరిపోద్ది. ఆరో గుండుకి అద్దం ఎగిరొచ్చి నీ నుదుటి మీద సంతకం పెడద్ది."

"అయితే ఖరీదుదే కొనాలా?"

"సోకులకి డబ్బెందుకు? తిరగేసి అడుగు చూడు. ఈ బుడిపెలు ప్లేటు గుంటల్లో బిగుసుకు కూర్చోవాలి. తన్ను ఇవి మోయాలి, స్క్రూలు కాదు. బ్యాటరీ పక్కనుంచి మారేది తీసుకో, మాటిమాటికీ విప్పక్కర్లేదు. చుక్క పెద్దదుండాలి. తన్నాక మళ్ళీ కంటికి దొరకాలి కదా!"

అలా ఆమె చేతికిచ్చింది కప్పలా ఉబ్బిన ఒక అనాకారి సైటు. స్క్రూలకి జిగురు రాసి బిగించింది. స్క్రూ తల మీంచి సైటు మీదికి పసుపు రంగుతో గీత గీసింది.

"ఈ గీత విరిగితే స్క్రూ కదిలినట్టు. ఈ ఊళ్ళో అందరి సైట్ల మీదా నా గీతే."

అప్పుడే క్లేని వెంటబెట్టుకుని, తలుపు తోసుకుని లొరేన్ వచ్చింది. ఎర్ర పెదాలు, ఉన్ని కోటు. ఒక చెయ్యి క్లే భుజం మీద, రెండో చేతిలో మెరిసే పెట్టె.

"బర్డీ, ఇది మా బంగారుకొండ క్లే రివాల్వరుకి బిగించు. నా కానుక."

పెట్టెలో సైటు నగలా ఉంది. క్లే ఆరిన్ చేతిలోకి తొంగిచూశాడు. "ఏంటి పెద్దాయనా, సబ్బుపెట్టె కొన్నావా?"

లొరేన్ పగలబడి నవ్వింది. ఆరిన్ తన రివాల్వరుని కోటు కిందికి దాచుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆరిన్‌కి రోజూ అదే పని. పొద్దున్నే పాన్‌కేకులు తింటూ, ఎదురుగా క్లే ఛాతీ మీది తోలు సంచిలోంచి తొంగిచూసే ఆ సైటునే చూసేవాడు. లొరేన్ క్లేకి తన చేత్తో పాకం పోసేది. ఆరిన్ వైపుకి సీసా తోసేది. సాధన కాల్పుల పొగకి క్లే సైటు మీది పసుపు గీత నల్లగా మాసింది. ఒక్క వెంట్రుకంతైనా విరగలేదు. విరగాలని ఆరిన్ మొక్కని దేవుడు లేడు.

శనివారం పొద్దున ఆ గీత పచ్చగా మెరుస్తోంది. తాజాగా.

ఎవరో సైటు విప్పి, మళ్ళీ బిగించి, కొత్త గీత గీశారు! చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే లొరేన్ వంగి, క్లే పెదవి మీది పాకాన్ని వేలితో తుడిచింది.

ఆరిన్ నోరు మూసుకున్నాడు. తప్పనీ గురి. ఒక్కసారి అందరి ముందూ తప్పనీ.

మధ్యాహ్నం, లొరేన్ చూపించిన వంపు దగ్గర నాష్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గాలం వేస్తున్నాడు. పక్కన క్లే. వెనకాల గట్టు మీద ఆరిన్. గాలి మళ్ళింది. పొదల్లోంచి కుళ్ళిన చేపల కంపు గుప్పుమంది.

ఇక్కడ చేపల పేగులు నడి ఏట్లోకి విసురుతారు. గట్టున ఎవరూ కుప్ప పోయరు, ఎలుగుని పిలవాలనుకుంటే తప్ప.

ప్రమాదంలా కనపడేట్టు! మార్గో చెప్పింది ఇదే. గురి తప్పితే పోయేది క్లే పరువు కాదు, నాష్ ప్రాణం. సైటు తెచ్చిందీ, ఈ వంపు చూపించిందీ లొరేనే! రేడియో నొక్కాడు. "మేడమ్, కాఫీ చల్లారింది! లొరేన్ విమానం ఎక్కకుండా చూడండి!" పరుగెత్తుతూ అరిచాడు. "ఒరేయ్ క్లే! ఆ సైటు నమ్మకు!"

పొదలు చీల్చుకుని గోధుమరంగు కొండలా వచ్చిపడింది ఎలుగు. క్లే పేల్చాడు. నగలాంటి సైటు ఊడొచ్చి వాడి కనుబొమ్మ చీల్చింది. గుండు నీళ్ళపాలు. నాష్ జారి వెల్లకిలా పడ్డాడు.

ఆరిన్ కప్ప సైటున్న తన రివాల్వరుని ఎత్తాడు. అద్దంలో ఎర్ర చుక్క నిలకడగా ఉంది. పేల్చాడు. చుక్క ఎగిరి, బుద్ధిగా తిరిగొచ్చింది. మళ్ళీ పేల్చాడు. నాష్ బూటుకి జానెడు దూరంలో ఎలుగు తల నీళ్ళలో వాలింది.

రేవులో, పారిపోదామని విమానం తలుపు తీసిన లొరేన్‌కి పైలట్ సీట్లోంచి మార్గో పిస్తోలు ఎదురైంది. ముఠా అనుకున్నదే నిజం. ఆమె వాళ్ళ మనిషే. క్లే సైటు స్క్రూలు వదులు చేశాక మళ్ళీ గీత ఉండాలని తెలుసుకుంది గానీ, అది మాసి ఉండాలని తెలియదు, పాపం.

కనుబొమ్మకి గుడ్డ అదుముకుని క్లే వచ్చాడు. "నువ్వు లేకపోతే ఏమయ్యేదో పెద్దాయనా!"

ఆరిన్ వాడి కళ్ళలోకి చూడలేకపోయాడు. బేడీలు వేసిన లొరేన్ వైపు తిరిగాడు.

"నేనూ అక్కడే ఉంటానని తెలుసుగా. నా సైటెందుకు ముట్టుకోలేదు?"

లొరేన్ ఆ కప్ప వైపోసారి, అతడి వైపోసారి చూసింది. "అది పనిచేస్తుందనుకుంటే కదా!"

నాష్ బతికాడు. ముఠా దొరికింది. ఆఫీసు మెచ్చుకుంది. అయినా ఆ రాత్రి ఆరిన్‌కి కునుకు పట్టలేదు. ముంచడానికైనా సరే, ఆవిడ వాడినే ఎంచుకుంది!