చాట్‌లో వేసిన కర్చీఫ్

"ఉంది! హేమశ్రీ ఉంది!"

హెలెన్ పెట్టిన కేకకి కంప్యూటర్ ల్యాబ్‌లో ఆరో తరగతి మొత్తం అటు తిరిగింది. స్క్రీన్‌కి కుడిపక్కన పేర్ల వరసలో హేమశ్రీ పేరు నిజంగానే ఉంది.

ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచీ. దసరా సెలవుల తర్వాత హేమశ్రీ వాళ్ళ నాన్న మగ్గం పని కోసం ప్రత్తిపాడు వదిలి చీరాల వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. హెలెన్ వాళ్ళమ్మ ఎలీసమ్మకి ఒక బటన్ల ఫోనుంది గానీ, అది మిరపకాయల కోతకి ఆవిడతోపాటే చేలోకి పోతుంది.

అందుకే "ఇవాళ చీరాల స్కూలు పిల్లలతో చాట్" అని దుర్గాప్రసాద్ సార్ అనగానే హెలెన్‌కి ఇంకేం వినబడలేదు. దీన్ని ఐఆర్‌సీ అంటారనీ, ఇందులో బొమ్మలూ బ్లూ టిక్కులూ ఉండవనీ, వట్టి అక్షరాలేననీ సార్ చెబుతూనే ఉన్నారు. ఛానెల్ అంటే అందరూ చేరే గది లాంటిదనీ, అందులో రాసింది అందరికీ కనబడుతుందనీ, రాసింది చెరపడం కుదరదనీ కూడా చెప్పారు. చెప్పి ఏం లాభం? హెలెన్ చెవులు ఎప్పుడో చీరాల వెళ్ళిపోయాయి.

"హేమశ్రీ, నేను హెలెన్‌ని" అని రాసింది. జవాబు రాలేదు.

చేలో ఉన్న అమ్మని పిలవాలంటే గట్టు మీద నిలబడి, అమ్మ తలెత్తేదాకా గొంతు చించుకోవాలి. హెలెన్‌కి తెలిసిన పద్ధతి అదే. ఇక్కడా అదే చేసింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తోంది కదా, అన్నీ పెద్దక్షరాలు పెట్టి "హేమశ్రీ! పలకవేం?" అని వరసపెట్టి కొట్టింది.

పక్క కంప్యూటర్ ముందున్న ఆదాం తొంగి చూశాడు. పుల్లలు పెట్టడమంటే వాడికి మహా సరదా.

"ఏమే, పలకట్లేదా? ఆ పేర్లలో సౌజన్య అని చీరాల అమ్మాయి ఉంది చూడు. ఇద్దరూ విడిగా మాట్లాడుకుంటున్నారేమో! ఇందులో ఇద్దరే గుసగుసలాడుకోవచ్చంట, సార్ చెప్పారుగా."

సరిగ్గా అప్పుడే సౌజన్య "హహహ" అని రాసింది. ఎవరో పత్తి పురుగు మీద జోకేస్తే ఆ అమ్మాయి నవ్విందంతే. హెలెన్ మాత్రం తనని చూసే నవ్వుతున్నారనుకుంది.

"నువ్వు మోసగత్తెవి హేమశ్రీ. కొత్త ఫ్రెండ్ దొరగ్గానే నన్ను మర్చిపోయావు. నాతో ఇంకెప్పుడూ మాట్లాడకు."

అదీ పెద్దక్షరాల్లోనే. ఒకసారి చాలదని మళ్ళీ పంపింది, మళ్ళీ పంపింది. అంతలో 'కాపలా' అనే పేరుతో ఒక లైను వచ్చింది. "ఒకే మాట పదే పదే రాస్తున్నారు. కాసేపు బయట ఉండండి." హెలెన్ స్క్రీన్ మీద ఛానెల్ మూసుకుపోయింది.

"చూశావా? నిన్ను గెంటించేసింది" అన్నాడు ఆదాం.

ఆ మధ్యాహ్నం హెలెన్‌కి అన్నం సహించలేదు. చెయ్యి కడుక్కుని సార్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, హేమశ్రీ నన్ను గెంటించింది."

"కాపలా అంటే మనిషి కాదమ్మా, నేను పెట్టిన ప్రోగ్రామ్. ఒకటే మాట వరసగా కొడితే ఎవరినైనా బయటికి పంపుతుంది. ఇందులో పెద్దక్షరాలంటే అరవడమే. నీ అరుపుల మధ్య మిగతా పిల్లల మాటలు ఎవరికీ కనబడలేదు."

"మరి పేరుంది కదా సార్, ఎందుకు పలకలేదు?"

సార్ నవ్వారు. "గుంటూరు బస్సెక్కావు. ఒక సీటు మీద కర్చీఫ్ వేసి ఉంది. ఏమనుకుంటావు?"

"ఎవరో సీటు ఆపుకుని కిందికి దిగారనుకుంటాను."

"పలకవేం అని కర్చీఫ్‌తో పోట్లాడతావా?"

హెలెన్‌కి నవ్వు రాలేదు. లోపల అనుమానం ఇంకా మిగిలే ఉంది. "అంతసేపు ఎక్కడికి పోతుంది సార్?"

సార్ తన స్క్రీన్ ఇటు తిప్పారు. హెలెన్ బయటికి పోయాక హేమశ్రీ రాసిన మాటలు అందులో ఉన్నాయి.

"అన్నానికి వెళ్ళాను హెలెన్. మాకు బెల్లు ముందే కొడతారు. నువ్వొస్తే నా పేరు కనబడాలని తెరిచే పెట్టి వెళ్ళాను. నేనేం చేశాను?"

ఆ తర్వాత ఛానెల్‌లోంచి వెళ్ళిపోయింది.

హెలెన్ కళ్ళు నిండిపోయాయి. "కళ్ళంలో మిరపకాయలు ఎండబెట్టారు కదా సార్, ఘాటు" అంది. సార్ అవునన్నట్టు తలూపారు.

"నేను రాసింది చెరపలేమా సార్?"

"చెరపలేం."

మర్నాడు మళ్ళీ చాట్ పెట్టారు. హేమశ్రీ పేరు కనబడింది. విడిగా సారీ చెబితే ఎవరికీ తెలియదు, తేలిగ్గా అయిపోతుంది. కానీ తిట్టింది అందరి ముందు కదా. హెలెన్ ఛానెల్‌లోనే, చిన్నక్షరాల్లో రాసింది.

"హేమశ్రీ, నిన్న అందరి ముందూ నిన్ను మోసగత్తె అన్నాను. నువ్వేం చేయలేదు. తప్పు నాది. నిన్న అరిచినందుకు అందరికీ సారీ."

ఒక్కసారే పంపింది. రెండోసారి కొట్టకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

జవాబు రాలేదు. చూసి కూడా ఊరుకుందా? ఇంకా కోపంగా ఉందా? చేతులు ఒకటే దురద పెడుతున్నాయి.

"కోపం పోలేదేమోనే" అన్నాడు ఆదాం.

"ఏమో. అన్నానికి వెళ్ళిందేమో. రానీ" అంది హెలెన్.

బెల్లు కొట్టారు. సార్ కంప్యూటర్లు ఒక్కొక్కటే కట్టేస్తూ వచ్చారు.

"సార్, నాది కట్టేయకండి. నా పేరు అక్కడ ఉండనివ్వండి."

సార్ దాన్ని అలాగే వదిలేసి పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్ళిపోయారు.

హెలెన్ గబగబా నాలుగు ముద్దలు తిని పరిగెత్తుకొచ్చింది. స్క్రీన్ మీద ఒక కొత్త లైను ఉంది.

"హెలెన్, ఉన్నావా?"

ఒక్కసారే రాసి ఉంది. దాని కింద ఇంకేమీ లేదు. అక్కడ హేమశ్రీ కాచుకుని కూర్చుంది.

తడి చేతులు గౌనుకి తుడుచుకుని హెలెన్ రాసింది. "అన్నం తిని ఇప్పుడే వచ్చాను. చెప్పు."