మంగళవారం చెప్పులు

చెప్పులు లేవు!

గుమ్మం పక్కన లేవు, మంచం కింద లేవు, ఆఖరికి బియ్యం డబ్బా వెనకాల కూడా లేవు. మంగళవారం పొద్దున్నే ఇల్లాలి కాళ్లకు చెప్పులు కరువు! ఆసుపత్రి వార్డులోకి తిండి బండి వచ్చే వేళైపోతోంది...

"ఏమండీ! నా చెప్పులు గానీ చూశారా?"

కుట్టుమిషను ముందున్న మొగుడు తలెత్తలేదు. కాళ్లు మాత్రం ఎంత జోరుగా తొక్కుతున్నాయంటే, ఆ మిషనుకు చక్రాలుంటే ఈపాటికి ఊరు దాటిపోయేది!

"నేనే దాచాను," అన్నాడు చివరికి. "మా అమ్మ చెయ్యి విరిగి ఇంట్లో పడుంది. ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకోలేదు. నువ్వేమో ఊళ్లోవాళ్లకి తినిపించడానికి బయల్దేరతావా? ఇవాళ్టితో ఆ వార్డు మానెయ్!"

మానెయ్యడమా! కూతురి పాలపళ్లు ఊడే రోజుల్లో మొదలుపెట్టిన పని అది... ఇప్పుడా కూతురి కూతురికే పాలపళ్లు ఊడుతున్నాయి! చేతులు వణికేవాళ్లకీ, చూడ్డానికి ఎవరూ రానివాళ్లకీ పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినిపించి రావడం. జీతం లేదు, భత్యం లేదు. కొత్తలో ఉత్సాహం పొంగిపోయి రోజూ పరిగెత్తింది. నెల తిరక్కుండా జ్వరంతో తనే ఆ వార్డులో మంచమెక్కింది! అప్పుడు నర్సమ్మ నుదుటి మీద చెయ్యేసి, "రోజూ వచ్చి మాయమైపోయేవాళ్లని చాలామందిని చూశానమ్మా. నువ్వు వారానికొక్కసారే రా. కానీ రా!" అంది. అంతే! ఆ మాట ఇల్లాలి ఒంట్లో ఎముకలా పాతుకుపోయింది. మంగళవారమైతే చాలు, వాన ఆపలేదు, చుట్టాలు ఆపలేదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి దాహమన్న పోస్టుమేనుకి నీళ్లిచ్చి, "ఆ... మెల్లగా..." అంటూ గడ్డం పట్టుకుంది! పాపం, ఆయన అప్పట్నుంచి ఉత్తరాలు గోడ మీదనుంచే విసురుతున్నాడు.

"వార్డులో లారీ డ్రైవరు బాబాయ్ ఉన్నాడండీ... పోయినవారం ఎవరు పెట్టినా తిన్లేదు, నేను పెడితేనే తిన్నాడు. మంగళవారం వస్తానని మాటిచ్చాను. నేను వెళ్లకపోతే ఆయన నోరు తెరవడు!"

"ఇక్కడ మా అమ్మ మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలా?"

"నా నోరెప్పుడు మూసుకుందిరా!" లోపలిగదిలోంచి అత్తగారు అందుకుంది. "పోనీలేరా... దానికి పరాయివాళ్ల కడుపు నిండితే చాలు. నేనెవర్తిని..."

ఇల్లాలికి కన్నీళ్లు జలజలా కారిపోయాయి. చెంగుతో తుడుచుకుంది. ముక్కు ఒక్కసారి గట్టిగా ఎగబీల్చింది.

"అత్తయ్యా, లేవండి! మిమ్మల్నీ వదలను, వార్డునీ వదలను. ఇద్దరికీ అక్కడే తినిపిస్తాను!"

మొగుడు నోరు తెరిచేలోపల అతని చెప్పుల్లోనే కాళ్లు దూర్చింది. పడవల్లాంటి ఆ చెప్పులతో టపాటపా అడుగులేస్తూ, కట్టు కట్టిన అత్తగారిని బస్సెక్కించింది.

వార్డులో బాబాయ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇల్లాలు పొట్టి పీట లాక్కుని, తినేవాళ్ల కళ్లకంటే కిందకి కూర్చుంది. నిలబడి పెడితే ముద్ద దిగదని ఆమె లెక్క. పక్కన కుర్చీలో అత్తగారు. ఇల్లాలి చేతుల్లో రెండు జావ గిన్నెలు.

"బాబాయ్, ఒక్క స్పూను..."

బాబాయ్ గోడవైపు ఇంకాస్త జరిగాడు. సరేనని అత్తగారికొక స్పూను పెట్టింది. మళ్లీ బాబాయ్‌ని బతిమాలింది. లాభం లేదు. తన గిన్నె ఖాళీ కాగానే అత్తగారు అటు తొంగిచూసింది.

"ఏం అన్నయ్యా! వద్దంటే నీ గిన్నె కూడా ఇటు ఇప్పించు. మా కోడలు ఇంట్లో నాకిలా ఊది ఊది ఎప్పుడు పెట్టింది గనక!"

బాబాయ్ చటుక్కున తిరిగాడు. "అది నాది!" అన్నాడు.

నోరు తెరుచుకుంది! ఒక స్పూను... ఇంకో స్పూను... గిన్నె సగమయ్యాక ఇల్లాలి మణికట్టు పట్టుకుని వలవలా ఏడ్చాడు. "వేళ దాటేసరికి ఇక నువ్వు రావనుకున్నానమ్మా... ఆ అలకతోనే నోరు తెరవలేదు..."

"ఇవాళ మంగళవారం కదా బాబాయ్!"

తిరుగుబస్సులో అత్తగారు దగ్గరగా జరిగి కూర్చుంది. బాగున్న చేత్తో కోడలి చెయ్యి వెతుక్కుంది. "ఇన్నేళ్లూ నువ్వు వార్డు పేరు చెప్పి ఇంటి పని తప్పించుకుంటున్నావనుకున్నానే... ఎన్నెన్ని మాటలన్నానో..." ఇల్లాలు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది.

అత్తగారి చేతికి కట్టు విప్పిన వారం, మంగళవారం పొద్దున్నే మళ్లీ చెప్పులు లేవు!

"ఏమండీ! మళ్లీ మొదలెట్టారా?"

"నీ మీదొట్టు, నేను కాదే!" మొగుడు కత్తెర వదిలేసి లేచాడు. తన చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. "ఇవేసుకో. అమ్మ ఆ రోజే అంతా చెప్పింది. మధ్యాహ్నం వంట నేను చూసుకుంటాలే... ఉప్పెక్కడుందో చెప్పి వెళ్లు."

ఇల్లాలు నవ్వుతూ ఆ పడవల్లో కాళ్లు దూర్చింది. అంతలో వీధిలోంచి కేక!

"ఆ ముచ్చట్లు వచ్చాక చెప్పుకోండి! అక్కడ జావ చల్లారిపోతుంది!"

గేటు బయట అత్తగారు. కొత్తగా బాగుపడ్డ చేతిలో స్పూను. కాళ్లకి కోడలి చెప్పులు!